నాగలి మనది, ట్రాక్టర్ కిరాయిది

1959లో ఫరీదాబాద్‌లో ఐషర్ ట్రాక్టర్ల తయారీ మొదలైంది. అదే ఏడాది ఆంధ్రా ఏజెన్సీలో భూ బదలాయింపు నిబంధనలు వచ్చాయి. 1963లో తెలంగాణకూ వర్తించాయి. 1970 సవరణే మనమనే 1/70 చట్టం: ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకు అమ్మితే చెల్లదు.

మన తాతలకు నాగలి కొయ్య అడవే ఇచ్చింది, ఎడ్లు ఇంట్లోవే. ట్రాక్టర్‌కి లోను కావాలి, లోనుకి మామూలుగా భూమి తనఖా అడుగుతారు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పోడు పట్టా పిల్లలకు వస్తుంది గానీ, అమ్మడానికి, బదలాయించడానికి లేదు. అందుకే చాలా గూడేల్లో దుక్కి కిరాయి ట్రాక్టర్‌తోనే. వాన పడ్డాక మన వంతు వచ్చేలోపు అదును పోతుంది.

చట్టం తీసేస్తే లోన్లు వస్తాయంటే నమ్మొద్దు. ఈమాత్రం భూమి మిగిలింది దానివల్లే. మనం అడగాల్సింది గూడేనికో ఉమ్మడి ట్రాక్టర్.