ఎస్‌పీటీ 0311-58

ఎస్‌పీటీ 0311-58 అనేది హోరోలోజియం నక్షత్రరాశి దిక్కున, అత్యంత దూరాన ఉన్న రెండు గెలాక్సీల జంట. పేరులోని అక్షరాలు దీనిని మొదట గుర్తించిన దక్షిణ ధ్రువ దూరదర్శినిని (సౌత్ పోల్ టెలిస్కోపు), అంకెలు ఆకాశంలో దీని స్థానాన్ని సూచిస్తాయి. దీని దూరం 2017లో నిర్ధారణ అయినది. విశ్వం వయస్సు సుమారు 78 కోట్ల సంవత్సరాలు ఉన్నప్పుడు అక్కడ బయలుదేరిన కాంతి ఇప్పుడు మనకు చేరుతున్నది.

గురుత్వ కటకం

ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్ష సిద్ధాంతం ప్రకారం ద్రవ్యరాశి తన పక్కగా పోయే కాంతిని వంచుతుంది. మనకూ ఈ జంటకూ నడుమ, దాదాపు ఒకే సరళరేఖలో మరొక గెలాక్సీ ఉన్నది. అది భూతద్దం వలె పనిచేసి వెనుకనున్న వాటిని పెద్దవిగా, ప్రకాశవంతంగా చూపుతుంది. అయితే గాజు కటకానికి వలె దీనికి ఒకే నాభి ఉండదు కనుక ప్రతిబింబం సాగి, వంకర తిరుగుతుంది. మధ్యనున్న గెలాక్సీ ద్రవ్యరాశి ఎట్లా పరచుకొని ఉన్నదో లెక్కగట్టి ఆ వంకరను సరిచేయవలెను. పడమటి గెలాక్సీ సుమారు 2.2 రెట్లు, తూర్పుది 1.3 రెట్లు ప్రకాశవంతమైనట్లు తేలినది.

ఈ దిద్దుబాటు చిన్న విషయం కాదు. సరిచేసిన పిమ్మట పడమటి గెలాక్సీలో ఏటా సుమారు 2,900 సూర్యుల ద్రవ్యరాశికి సమానమైన నక్షత్రాలు పుడుతున్నవని 2018లో 'నేచర్' పత్రికలో ప్రకటించారు. సరిచేయకపోతే ఆ సంఖ్య ఆరు వేలు దాటేది! మన పాలపుంతలో ఏటా పుట్టేవి ఒకటి రెండు సూర్యుల పాటివి మాత్రమే.

నీటి జాడ

2021లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన శ్రీవాణి జరుగుల, సహచరులు చిలీ దేశపు అటకామా ఎడారిలోని ఆల్మా దూరదర్శినితో పడమటి గెలాక్సీలో నీటి అణువులను, కార్బన్ మోనాక్సైడును కనుగొన్నారు. నీరనగానే సముద్రాలని భ్రమించరాదు. ఇది నక్షత్రాల నడుమ వ్యాపించిన ఆవిరి. కొత్త నక్షత్రాల కాంతిని ధూళి పీల్చుకొని పరారుణ కిరణాలుగా వెలువరిస్తుంది. ఆ కిరణాలు నీటి అణువులను ఉత్తేజపరుస్తాయి. కనుక నీటి వర్ణపట రేఖల తీవ్రత నక్షత్రజనన వేగానికి ఒక కొలబద్ద. విశ్వవ్యాకోచం వల్ల ఈ తరంగాలు 7.9 రెట్లు సాగి మనకు చేరుతాయి.

తరువాత జేమ్స్ వెబ్ దూరదర్శిని ఈ జంట చుట్టూ మరో పది గెలాక్సీలను చూపినది.

ఆకాశంలో స్థానం

తెనాలి సమీపాన ఉన్న సంగం జాగర్లమూడి అక్షాంశం నుండి చూస్తే, డిసెంబరు నడుమ రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో ఈ స్థానం దక్షిణ దిగంతానికి సుమారు 15 డిగ్రీల ఎత్తున ఉంటుంది. అప్పుడే ఉదయించిన అగస్త్య నక్షత్రానికి ఇది పడమటగా ఉన్న చోటు. కంటికి గాని, ఇంటి దూరదర్శినికి గాని గెలాక్సీలు కనిపించవు.