ఎక్కువ జీతమిచ్చి చిన్నబుచ్చితే

పనిచోట న్యాయం తప్పితే మనిషికి ఏమవుతుంది? మేనేజ్‌మెంట్ పాఠ్యపుస్తకాల్లో దీనికి తయారుగా ఒక జవాబుంది: తక్కువిస్తే కోపం, ఎక్కువిస్తే అపరాధభావం. మొదటి సగంతో నాకు పేచీ లేదు. రెండో సగం మీదే అనుమానం.

ఈ జవాబు పుట్టిన తొలినాళ్ల కథ తెలిసిందే. 1920లలో మొదలైన హాథార్న్ ఫ్యాక్టరీ పరిశీలనలు కార్మికుడికి మనసొకటుందని యాజమాన్యాలకు గుర్తుచేశాయి. 1949లో స్టౌఫర్ బృందం అమెరికన్ సైనికుల మీద తెచ్చిన గ్రంథం ఒక వింత చూపింది. ప్రమోషన్లు జోరుగా వచ్చే వైమానిక దళంలోనే ప్రమోషన్ల గురించి సణుగుడు ఎక్కువ. అరుదుగా వచ్చే మిలిటరీ పోలీసుల్లో తక్కువ. పక్కవాడి భుజం మీద పట్టీ కనబడ్డాకే కడుపుమంట. ఈ పోలికనే జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసిన స్టేసీ ఆడమ్స్ 1963లో సిద్ధాంతంగా మలిచాడు.

అంతకు ముందటేడు రోజెన్‌బామ్‌తో కలిసి ఆయన చేసిన ప్రయోగం దగ్గర కాస్త ఆగాలి. ఇంటర్వ్యూలు చేసే పనికి విద్యార్థులను గంటకు 3.50 డాలర్ల చొప్పున తీసుకున్నారు. కొందరికి మీరు అర్హులేనన్నారు. మిగిలినవాళ్లతో, ఈ పనికి కావలసిన అనుభవం మీకు లేదు, అయినా అర్హులకిచ్చేదే మీకూ ఇస్తాం అన్నారు. ఈ రెండోవాళ్లే ఎక్కువ ఇంటర్వ్యూలు చేశారు. అర్హతకు మించి పుచ్చుకుంటున్నామన్న బాధతో ఆ రుణం తీర్చుకున్నారట!

ఆ కుర్చీలో కూర్చున్న కుర్రాడి వైపు నుంచి చూడండి. ఎదురుగా కూర్చుని నీకీ పని చేతకాదన్నాక, వాడు చేసి చూపించాలనుకోడా? మన ఊళ్లలో దాన్ని రోషమంటారు. 1968లో లాలర్ అనే పరిశోధకుడు ఈ ముడినే విప్పాడు. పరిస్థితుల వల్ల జీతం ఎక్కువ పడిందని మాత్రమే విన్నవాళ్లు అదనంగా శ్రమపడలేదు. అర్హత లేదనిపించుకున్నవాళ్లే పడ్డారు. ఆడమ్స్‌కు న్యాయం చేయాలంటే ఒక మాట చెప్పాలి. 1964లో జేకబ్సన్‌తో చేసిన ప్రూఫ్‌రీడింగ్ ప్రయోగంలో, ఉద్యోగం పోతుందన్న భయమే కారణమా అని ఆయన విడిగా పరీక్షించి, కాదన్నాడు. ఒప్పుకుంటాను. కానీ భయం వేరు, చిన్నబోవడం వేరు. జీతం ఎంతన్నది ఒక్కటే ఆడమ్స్ లెక్కలోకొచ్చింది, దాన్ని ఇస్తూ అన్న మాట రాలేదు.

ఆ మాటకు పరిశోధనలో చోటు దొరకడానికి 1986 దాకా పట్టింది. బీస్, మోగ్ అనే ఇద్దరు, మనిషితో మసలుకునే తీరులోనూ న్యాయాన్యాయాలుంటాయని అప్పుడు రాశారు. 1990లో గ్రీన్‌బర్గ్ అనే పరిశోధకుడు ఒకే కంపెనీ ఫ్యాక్టరీల్లో దాన్ని కళ్లకు కట్టాడు. కాంట్రాక్టులు పోయి రెండు చోట్ల 10 వారాలపాటు జీతాల్లో 15 శాతం కోశారు. ఒకచోట గంటన్నర కూర్చోబెట్టి, పటాలు పెట్టి లెక్కలు చూపి, నొచ్చుకుంటూ చెప్పారు. రెండోచోట పావుగంటలో ముగించారు. దొంగతనాలు రెండుచోట్లా పెరిగాయి; పావుగంటతో సరిపెట్టిన చోట బాగా ఎక్కువ.

ఈ ఫలితాన్ని నేటి హెచ్ఆర్ విభాగాలు ఒంటబట్టించుకున్న తీరు మాత్రం నాకు మింగుడుపడదు. హైదరాబాద్ ఐటీ ఆఫీసుల అప్రైజల్ గదుల్లో మెత్తటి గొంతుకు, సానుభూతికి లోటుండదు. రేటింగ్ ఎలా వచ్చిందని అడిగితే మాత్రం, బెల్ కర్వ్ అండీ, ఎవరికి ఏ రేటింగ్ ఎంతమందికన్న వాటా ముందే ఉంటుంది, మా చేతుల్లో లేదంటారు. గ్రీన్‌బర్గ్ చూసిన ఆ గంటన్నరలో నొచ్చుకోవడంతోపాటు పటాలూ ఉన్నాయి, లెక్కలూ ఉన్నాయి.