ఎలమంచిలి తీరం మీద సౌర తుఫానులు: తంతి తీగ నుంచి ఉపగ్రహం దాకా

సూర్యుడి మీద తుఫాను రేగితే ధ్రువాలకు దగ్గరగా ఉన్న దేశాల ఆకాశంలో ఆకుపచ్చ, ఎరుపు కాంతులు ఆడతాయి. ఎలమంచిలి తీరంలో కంటికి ఏమీ కనిపించదు. ఇక్కడ దాని జాడ తెలిసేది రేడియో సంకేతాల్లోనే: ఉపగ్రహం నుంచి వచ్చే సంకేతం ఆలస్యమవుతుంది, వణుకుతుంది, ఒక్కోసారి కొన్ని నిమిషాలపాటు తెగిపోతుంది. ఈ తేడాకు మూలం ఊరు ఉన్న చోటులోనే ఉంది.

నేలకు సుమారు 80 కిలోమీటర్ల ఎత్తు నుంచి వెయ్యి కిలోమీటర్ల దాకా ఉండే గాలి పలచనిది. సూర్యుడి అతినీలలోహిత, ఎక్స్ కిరణాలు తగిలి అందులోని అణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోతాయి. దీన్నే అయనావరణం అంటారు. భూమి అయస్కాంత మధ్యరేఖ భారతదేశం దక్షిణ కొస దగ్గరగా పోతుంది. పగటిపూట ఆ రేఖ మీద ఎలక్ట్రాన్లు పైకి లేచి, అయస్కాంత బలరేఖల వెంట ఇరువైపులా జారి, ఉత్తరాన భోపాల్, కోల్‌కతాల చుట్టుపక్కల గుట్టపడతాయి. మధ్యరేఖకు దాదాపు 1,000 కిలోమీటర్ల ఉత్తరాన ఉన్న ఎలమంచిలి, విశాఖపట్నం ఆ గుట్టకు దక్షిణపు వాలు మీద ఉన్నాయి. వాలు మీద కొద్ది దూరంలోనే ఎలక్ట్రాన్ల సాంద్రత బాగా మారిపోతుంది. ఉపగ్రహ సంకేతానికి ఇది ఎగుడుదిగుడు దారి. ప్రపంచంలో అయనావరణం చిక్కులు ఎక్కువగా ఉండే మేఖలల్లో ఇదొకటి.

ఈ తీరంలో ఆకాశాన్ని పరికరాలతో చూడడం 19వ శతాబ్దంలోనే మొదలైంది. మద్రాసు వేధశాలలో టి.జి. టేలర్ దగ్గర నేర్చుకున్న గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో వేధశాల కట్టించాడు. 1856లో ఆయన పోయాక దాన్ని అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు నడిపాడు. ఆయన చేతిలో ఉన్న కాలంలోనే, 1859 సెప్టెంబరు 1న, ఇంగ్లండులో రిచర్డ్ కారింగ్టన్ సూర్యబింబం మచ్చల మీద ఒక్కసారిగా తెల్లటి వెలుగు చిమ్మడం చూశాడు. మర్నాడే భూమి అయస్కాంతం అల్లకల్లోలమైంది. బొంబాయి కొలాబా వేధశాలలో అయస్కాంత క్షేత్రం సుమారు 1,600 నానోటెస్లాలు పడిపోయినట్టు రికార్డైంది. ఆ తుఫానుకు భూమధ్యరేఖ దాపున దొరికిన అతి విలువైన కొలత అదే. అమెరికాలో తంతి ఉద్యోగులు బ్యాటరీలు తీసేసి, తీగల్లో తుఫాను పుట్టించిన విద్యుత్తుతోనే వార్తలు పంపుకున్నారు.

1872 ఫిబ్రవరి 4న మరో తుఫాను వచ్చింది. ఆ రాత్రి బొంబాయిలోనూ ధ్రువకాంతి కనిపించిందన్న నమోదు ఉంది. ఎలమంచిలి మీదుగా రైలుదారి 1890లలో పడింది. దారి పక్కన తంతి స్తంభాలు, స్టేషన్‌లో టక్కుటక్కుమనే యంత్రం ఆనాటి దూరవార్త. నేల మీది తీగకు అయనావరణంతో నేరుగా పని లేదు. పైగా తుఫాను వల్ల తీగల్లో పుట్టే ప్రవాహాలు ఉత్తర అక్షాంశాలతో పోలిస్తే ఇక్కడ తక్కువ. కాబట్టి తంతి యుగంలో సౌర తుఫాను కోస్తాకు పెద్దగా పట్టిన విషయం కాదు. అది పట్టడం వైర్‌లెస్‌తో మొదలైంది.

1859, 1872 తుఫానుల మధ్యకాలంలో జరిగిన ఒక మేలు గుంటూరుకు చెందుతుంది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని మచిలీపట్నంలో మద్రాసు వేధశాల ఖగోళవేత్త పాగ్సన్, గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ చూశారు. సూర్యుడి అంచున లేచే జ్వాలల వర్ణపటంలో జాన్సెన్‌కు రేఖలు ఎంత కాంతివంతంగా కనిపించాయంటే, గ్రహణం లేకుండానే వాటిని చూడవచ్చని ఆయనకు తోచింది. మర్నాడు పొద్దున్నే చూశాడు కూడా. గ్రహణం కోసం ఏళ్లు ఆగకుండా సూర్యుడి అలజడిని రోజూ గమనించే మార్గం అలా దొరికింది. నేటి సౌర తుఫాను హెచ్చరికలకూ అలా రోజూ గమనించడమే పునాది.

వైర్‌లెస్‌లో హ్రస్వ తరంగాలు అయనావరణానికి తగిలి వెనక్కి తిరిగి దూరదేశాలకు చేరతాయి. సౌర జ్వాల ఎక్స్ కిరణాలు ఎనిమిది నిమిషాల్లో భూమిని చేరి, అయనావరణం అడుగు పొరను చిక్కబరుస్తాయి. అప్పుడు ఆ పొర తరంగాలను వెనక్కి పంపడం మానేసి మింగేస్తుంది. పగలున్న వైపు మాత్రమే జరిగే ఈ మూగతనం పది నిమిషాల నుంచి గంటా రెండు గంటల దాకా ఉంటుంది. 1933లో పెద్ద ఓడలకు తెరుచుకున్న విశాఖ రేవుకు, తర్వాత నౌకాదళానికి ఇది వట్టి పుస్తకాల సంగతి కాదు.

వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగం 1950లలో అయనావరణాన్ని కొలవడం మొదలుపెట్టింది. దానికి నాయకుడు బి. రామచంద్రరావు. పద్ధతి చూడడానికి సాదాసీదా. నిలువుగా పైకి రేడియో పల్స్ పంపుతారు. తిరిగొచ్చిన ప్రతిధ్వనిని త్రికోణంగా నాటిన మూడు యాంటెన్నాలతో పట్టుకుంటారు. ప్రతిధ్వని బలం హెచ్చుతగ్గులయ్యే తీరు మూడు చోట్లా ఒకటే, కానీ కొన్ని క్షణాల తేడాతో వస్తుంది. ఆ తేడాను బట్టి నూరు, మూడు వందల కిలోమీటర్ల ఎత్తున ఎలక్ట్రాన్ మబ్బులు ఏ దిక్కుకు, ఎంత వేగంగా కదులుతున్నాయో లెక్క కడతారు. ఖరీదైన పరికరాలు దొరకని రోజుల్లో దేశంలోని విశ్వవిద్యాలయాలు చేయగలిగిన సూక్ష్మమైన పనుల్లో దీన్ని పైవరుసలో పెట్టాలి.

కాలం కూడా కలిసొచ్చింది. 1957 జులై నుంచి 1958 డిసెంబరు దాకా అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం జరిగింది. మచ్చల లెక్క మొదలైనప్పటి నుంచి, సూర్యుడి చురుకు పెరిగి తగ్గే చక్రాల్లో అంత బలమైనది మరొకటి లేదు. రేడియో పల్స్‌లతో అయనావరణాన్ని కొలిచే అయనోసోండ్ గీసిన బొమ్మల్లో, మామూలు రోజుల్లో సన్నగా ఉండాల్సిన గీత, కొన్ని రాత్రులు తడి కాగితం మీద సిరా పడినట్టు అలుముకుపోయేది. పొద్దుగుంకాక అయనావరణం అడుగున ఎలక్ట్రాన్లు పలచనైన బుడగలు పుట్టి వేగంగా పైకి లేవడమే అందుకు కారణం. ఉపగ్రహ యుగంలో అసలు తలనొప్పి ఈ బుడగలే అయ్యాయి.

1964 నుంచి అమెరికా పంపిన బీకన్ ఉపగ్రహాల సంకేతాలతో దారిలో ఎన్ని ఎలక్ట్రాన్లు ఉన్నాయో లెక్కించడం వీలైంది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఏటీఎస్-6 ఉపగ్రహం ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందించింది; అందులో తెలుగు పల్లెలూ ఉన్నాయి. జనం టీవీ చూస్తుంటే, అదే ఉపగ్రహం బీకన్లను పట్టుకుని శాస్త్రవేత్తలు అయనావరణాన్ని కొలిచారు.

జీపీఎస్ వచ్చాక లెక్కలు మీటర్లలోకి దిగాయి. ఉపగ్రహం నుంచి గ్రాహకానికి సంకేతం పట్టే సమయమే అక్కడ దూరం. దారిలో ఎలక్ట్రాన్లు ఎక్కువైతే సంకేతం ఆలస్యమవుతుంది. చదరపు మీటరు అడ్డుకోత ఉన్న దారిలో పదివేల లక్షల కోట్ల ఎలక్ట్రాన్లు ఉంటే ఒక యూనిట్; ప్రధాన జీపీఎస్ తరంగం మీద ఒక్కో యూనిట్ 16 సెంటీమీటర్ల తప్పు తెస్తుంది. సూర్యుడు చురుగ్గా ఉన్న మధ్యాహ్నం ఈ ప్రాంతంలో వంద యూనిట్లు మామూలే. అంటే 16 మీటర్ల తప్పు.

విమానాలకు ఈ తప్పు సరిదిద్ది అందించేందుకు ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి గగన్ వ్యవస్థ కట్టాయి. దానికి ముందుగా దేశమంతటా అయనావరణ రిసీవర్లు పెట్టారు; విశాఖపట్నంలోనూ ఒకటి పెట్టారు. ఆ సమాచారంతో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పి.వి.ఎస్. రామారావు, ఆయన సహచరులు చేసిన పరిశీలనల్లో 2004 నవంబరు 8 నుంచి 12 దాకా వెంటవెంటనే వచ్చిన రెండు తుఫానులది ముఖ్యమైనది. ఏడు గ్రాహకాల వరుస చూపించిందేమంటే, తుఫాను వేళ ఉత్తరాన గుట్ట దగ్గర ఎలక్ట్రాన్లు బాగా పెరిగి దూరపు తప్పు పెరిగింది. గ్రాహకాలకు సంకేతాలతో పట్టు తప్పింది. అమెరికాలో సరిపోయిన ఒకే పొర లెక్క ఇక్కడ సరిపోదని తేలడంతో, గగన్ కోసం ఇస్రో పలు పొరల నమూనా తయారుచేసుకుంది. 2015 ఏప్రిల్‌లో గగన్‌కు నిలువు మార్గదర్శనంతో దిగే విమానాలకు పనికొచ్చే ధ్రువీకరణ దక్కింది.

తుఫాను వచ్చిన ప్రతిసారీ బుడగలు పెరుగుతాయనుకుంటే పొరపాటు. తుఫాను ఉద్ధృతి అర్ధరాత్రి దాటి తెల్లవారే లోపు వస్తే కొత్త బుడగలు పుడతాయి. మధ్యాహ్నం వస్తే ఆ సాయంత్రం రోజూ వచ్చేవి కూడా ఆగిపోవచ్చు. 1991లో జూల్స్ ఆరన్స్ చెప్పిన ఈ లెక్కకు మినహాయింపులున్నా మొత్తమ్మీద నిలిచింది. అందుకే పాశ్చాత్య దేశాలకు రాసిన హెచ్చరికను తెచ్చి కోస్తాకు అతికిస్తే పనికిరాదు. స్థానిక సమయం, ఋతువు రెండూ కలిపి చూడాలి. మార్చి-ఏప్రిల్, సెప్టెంబరు-అక్టోబరు సాయంత్రాలు ఇక్కడ బుడగల కాలం.

ఎలమంచిలి నియోజకవర్గంలోని పూడిమడక నుంచి కొమ్ముకోనాం, సూర చేపల కోసం ఫైబర్ పడవల్లో లోతు సముద్రంలోకి వెళ్లే మత్స్యకారులకు జీపీఎస్ ఇప్పుడు అలవాటైన వస్తువు. 20 మీటర్ల తప్పు వాళ్లకు లెక్కలోది కాదు. తీరం దగ్గరికొస్తే కొండ గుర్తు ఉండనే ఉంది. వీహెచ్‌ఎఫ్ సెట్ కూడా చూపు అందే దూరంలోనే పనిచేస్తుంది కనుక దానికి అయనావరణంతో సంబంధం లేదు. ప్రమాదం వేరు. కష్టంలో బటన్ నొక్కితే ఉపగ్రహం ద్వారా రక్షణ కేంద్రానికి చేరే ఇస్రో హెచ్చరిక పరికరంలో కబురుతో పాటు పడవ ఉన్న చోటూ వెళ్తుంది. ఆ కొద్ది నిమిషాల్లో గ్రాహకం పట్టు తప్పితే నష్టం మీటర్లలో ఉండదు. జీపీఎస్ లాంటి భారత వ్యవస్థ నావిక్ ఉపగ్రహాలు రెండో తరంగాన్ని 2,492 మెగాహెర్ట్జ్‌లో పంపడం వల్ల ఒక లాభం ఉంది: పౌనఃపున్యం పెరిగేకొద్దీ అయనావరణం చేసే ఆలస్యం వర్గానుపాతంలో తగ్గుతుంది, రెండు తరంగాలను పోల్చితే ఆలస్యం దాదాపుగా కొట్టుకుపోతుంది.

2024 మే 10, 11 తేదీల తుఫాను 2003 తర్వాత వచ్చిన వాటిలో పెద్దది. లద్దాఖ్‌లోని హాన్లే ఆకాశం ఎర్రబడింది. భారత ఉపగ్రహాల్లో కొన్నింటి నక్షత్ర సెన్సర్లను ముందు జాగ్రత్తగా ఆపారు. వేడెక్కి ఉబ్బిన పైగాలి రాపిడికి, మామూలుగా రోజుకు 35-40 మీటర్లు దిగే కార్టోశాట్-2ఎఫ్ ఉపగ్రహం ఒక్క రోజులో 180 మీటర్లు దిగింది. అంతకు రెండేళ్ల ముందు, 2022 ఫిబ్రవరిలో, ఇంతకంటే ఎంతో చిన్న తుఫానుకే కొత్తగా ఎగిరిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో 38 కాలిపోయాయి. 2024లో ఉద్ధృతి ఇక్కడ తెల్లవారాక, అయనావరణం ఇంకా బలం పుంజుకోని వేళ రావడం భారతదేశానికి కలిసొచ్చింది. అది అదృష్టమే తప్ప ఏర్పాటు కాదు.

ఏర్పాటు అనదగ్గది శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయల్దేరింది. సూర్యుణ్ని గమనించే ఇస్రో నౌక ఆదిత్య-ఎల్1 ఇప్పుడు భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడి వైపున ఉంది. సూర్యుడు విసిరిన తుఫాను మేఘం దాన్ని దాటాక భూమిని చేరడానికి అరగంట నుంచి గంట పడుతుంది. దొరికే కచ్చితమైన హెచ్చరిక అంతే. ప్రస్తుత సౌరచక్రం శిఖరానికి చేరిందని 2024 అక్టోబరులో ప్రకటించారు. కానీ 2003 అక్టోబరు, 2004 నవంబరు తుఫానులు రెండూ అప్పటి చక్రం శిఖరం దాటిన రెండు మూడేళ్లకు వచ్చినవే. కోస్తాలో గ్రాహకాలు కట్టిపెట్టే కాలం ఇంకా రాలేదు.