ఆదివారం మాది

మాది వొంగోలుకి పడమటగా వున్న వొక మాదిగ పల్లె. 1970లో వొంగోలు జిల్లా యేర్పడకముందు మా పల్లె నెల్లూరు జిల్లా లెక్కలో వుండేది. నాతో కలిపి అయిదు తరాలుగా మేం క్రైస్తవులం. దళిత వుద్యమంలోకి వొచ్చిన కాడ్నించీ ఈ సంగతి మీద రెండు వైపుల నుంచీ మాటలు పడుతూనే వున్నాను. ‘మతం మత్తుమందు గదా, అందులోంచి నీకు ధైర్యమెట్లా వొచ్చింది?’ అని యెర్రజెండా మిత్రులంటారు. ‘పాలపొడికీ గోధుమలకీ మారినోళ్ళు మీరు, మీకు విశ్వాసమేంది?’ అని వూళ్ళో పెద్దకులాలోళ్ళంటారు. చర్చిలో మా పెద్దలేమో, ‘తెల్లదొర వొచ్చి మనల్ని పైకి లేపాడు’ అంటారు. ఈ ముగ్గురి మాటల్లోనూ మా తాతలు లేరు. మా అవ్వలు అసలే లేరు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు భయం సంగతి చెప్పాల. మాదిగోడి భయం పిరికితనం కాదు. దానికి కట్టుదిట్టాలున్నయ్. వూళ్ళో గొడ్డు చస్తే మోసుకుపోవాల. ఆ మాంసమే మాకు కూడు. తోలు శుద్ధిచేసి ఆసామికి చెప్పులూ, మోటకి తోలుబానా కుట్టివ్వాల. పోలేరమ్మ కొలుపుకి డప్పు కొట్టాల. మునసబు కబురంపితే చేతిలో ముద్ద వొదిలేసి వెట్టికి పోవాల. వీటన్నిటికీ ఇచ్చేది కల్లం కాడ ఇన్ని మేర గింజలు. కాదన్నోడికి మేర లేదు. మేర లేకపోతే యేడాదంతా పస్తు. దానిమీద చింతబరికె దెబ్బ. ఆ రెంటికీ లొంగనోడికి అమ్మోరి భయం. డప్పు కొట్టకపోతే తల్లి ఆగ్రహిస్తది, కలరా వొస్తది, వూరంతా నీ వల్లే చస్తదంటారు. కడుపుకొకటి, వొంటికొకటి, మనసుకొకటి. ఇట్లా మూడు గొళ్ళేలు బిగించిన తలుపు అది. తలుపు తీయాలంటే మూడూ వొక్కసారే తీయాల.

ఆ తలుపు మీద మొదట చెయ్యేసినోడు తెల్లదొర కాదు. తాళ్ళకొండపాడుకి చెందిన యెర్రగుంట్ల పేరయ్య. మాదిగ. తోళ్ళ వ్యాపారం చేసేవాడు. క్రైస్తవం సంగతి చెవిన పడకముందే గురువుల కాడికి తిరిగినోడు, యోగం నేర్చుకున్నోడు. విగ్రహాలకి మొక్కడం అప్పటికే చాలించాడు. తోళ్ళ బేరం మీద వుత్తరాదికి పోయినప్పుడు ఏలూరు కాడ మిషనరీల బోధ విన్నాడు. 1866లో వొంగోలు వొచ్చి, భార్యతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. అమెరికన్ బాప్టిస్టు మిషను జాన్ క్లౌ అదే యేడాది కాపురానికి వొంగోలు చేరాడు. 1867 జనవరి 1న వొంగోలు సంఘం మొదలైనప్పుడు అందులో యెనిమిది మంది సభ్యులే. ఆ నెలలోనే క్లౌ తాళ్ళకొండపాడు పోయేసరికి అక్కడ మాదిగలు కూడు మూటలు కట్టుకుని చుట్టుపక్కల పల్లెల నుంచి వొచ్చి కూచోనున్నారు. వాళ్ళని పోగుచేసింది పేరయ్యే. 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంటే దొర అడుగు పెట్టేసరికే మాట పల్లెల్లో తిరుగుతా వుంది. మావోడి నోటితో, మా బాసలో తిరుగుతా వుంది.

ఆ రోజుల్లో వొంగోలులోని పైకులాలోళ్ళు క్లౌ దగ్గరికి వొచ్చి, మాదిగల్ని చేర్చుకోవడం ఆపితే మేమే నీకాడికి వొస్తామన్నారంట. ఆయన ఆలోచనలో పడ్డాడు. ఆయనా ఆయన భార్యా వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల పత్రికలో వొకే చోటు తగిలిందనీ, దేవుడు లోకంలో నీచులనిపించుకున్నోళ్ళనే యేరుకున్నాడన్న మాట అక్కడుందనీ ఆయన తన జీవితకథలో రాసుకున్నాడు. మా చర్చిల్లో ఈ కథని అద్భుతంగా చెబుతారు. నాకు అందులో ఇంకో సంగతి కనపడతది. అగ్రకులాలోళ్ళు అడిగిందల్లా వొక్కటే, మాదిగని గుమ్మం బయట పెట్టమని. దేవుడెవరనేది వాళ్ళకి పేచీ కాదు, పక్కన యెవరు కూచుంటారనేదే పేచీ.

చేరినోళ్ళకి క్లౌ మూడు కట్టుబాట్లు పెట్టాడు. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన గొడ్డు తినకూడదు. విగ్రహాలకి మొక్కకూడదు. చదువుకున్నోళ్ళకి ఇవి చిన్న మతాచారాల్లాగా కనపడతయ్. పల్లెలో కూచుని చూడండి. చచ్చిన గొడ్డు తిననంటే కడుపు గొళ్ళెం పోయింది. కొలుపులో డప్పు కొట్టనంటే మనసు గొళ్ళెం పోయింది. ఆదివారం రానంటే వెట్టే పోయింది. వెట్టికి వారం లేదు, వేళ లేదు. పిలిచినప్పుడు పోవడమే వెట్టి. ఏడింట వొక రోజు ‘ఇది నాది’ అన్నోడు, మిగతా ఆరు రోజుల గురించి కూడా ఆలోచిస్తాడు. ఇది కరణాలకీ మునసబులకీ మా వాళ్ళకంటే ముందే అర్థమైంది. పని ఆపారు. నీళ్ళు ఆపారు. దొంగతనాలు మోపి జైళ్ళకి పంపారు. అయినా చాలా పల్లెలు వెనక్కి పోలేదు.

1876లో కరువొచ్చింది. 1878 దాకా వుంది. మద్రాసు రాజధానిలో లక్షల మంది చచ్చిపోయారు. సర్కారు బకింగుహాం కాలవ తవ్విస్తుంటే, అందులో మూడున్నర మైళ్ళ పని క్లౌ కాంట్రాక్టుకి తీసుకుని ఆకలిగొన్నోళ్ళకి పని పెట్టాడు. బోధకులే మేస్త్రీలు. పాలపొడి మాట అనేవాళ్ళు ఇక్కడ వొక సంగతి వినాల. కూటి కోసం చేరారనే మాట రాకూడదని, కరువు వున్నన్నాళ్ళూ, పదిహేను నెలల దాకా, ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. గింజలు పంచే పని ముగిశాకనే మళ్ళీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ వొడ్డున వెల్లంపల్లి కాడ వొక్క రోజులో 2,222 మంది నీళ్ళల్లోకి దిగారు. ఆ యేడాది ఆఖరుకి లెక్క 9,606. వెల్లంపల్లి కాడ వాళ్ళని ముంచి లేపింది దొర చేతులు కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని పొద్దుగూకే దాకా ముంచారు. తాకితే మైలని వూరంతా తీర్మానించిన మనుషుల్ని, మనవాళ్ళ చేతులే పట్టుకుని యేటి నీళ్ళల్లోంచి పైకి లేపినయ్.

మా అవ్వ వాళ్ళ తాత ఆ కరువు దాటినోడు. గుండ్లకమ్మలో మునిగొచ్చిన రోజున తడిగుడ్డతోనే పల్లెకి నడిచొచ్చాడంట. ఆ వారంలోనే వూళ్ళో యెద్దు చచ్చింది. కబురొచ్చింది. ఆయన పోలేదు. రాత్రంతా పల్లె నిద్రపోలేదంట, యెవురొచ్చి యేం జేస్తారోనని. ‘భయం పోయిందా అవ్వా ఆయనకి?’ అని చిన్నప్పుడు అడిగాను. ‘యాడ పోద్దిరా! వొణికాడంట. వొణుకుతానే కూచున్నాడంట గానీ లేచి పోలా’ అంది. భయం గురించి ఇంతకంటే నిజమైన మాట నేను తర్వాత చదివిన యే పుస్తకంలోనూ చూడలేదు.

ఆ కూచోడం నా కళ్ళతో నేను చూశాను. 1967లో, పొగాకు రెలిచే కాలం. పండిన ఆకు వొక రోజు ఆలస్యమైనా చెడిపోతది. వొక ఆదివారం పొద్దున ఆసామి స్వయంగా పల్లెలోకి వొచ్చి, అందర్నీ చేలోకి రమ్మన్నాడు. మగాళ్ళు తలలు దించుకున్నారు. మా అవ్వ ముందుకొచ్చింది.

‘అయ్యా, ఈ రోజు మాకు ఆరాధన. రేపు కోడి కూసే యేళకి చేలో వుంటాం.’

‘యేసు వొచ్చి మీకు కూలి ఇస్తాడంటనే ముసలీ?’

‘ఇయ్యకపోతే పస్తుంటాం. పస్తు మాకు కొత్త గాదు గదయ్యా.’

సోమవారం పొద్దున చేలోకి పోతే, పక్కూరి కూలోళ్ళు అప్పటికే దిగి వున్నారు. నాలుగు వారాలు మా పల్లెకి పిలుపు లేదు. ఆ నాలుగు వారాలూ మమ్మల్ని నిలబెట్టింది పిడికెడు బియ్యం. పూటపూటా యెసట్లో పొయ్యబోయే ముందు ఇంటి ఆడది వొక పిడికెడు తీసి దేవుడి పేరున ముంతలో వేస్తది. ఆదివారం చర్చికి తెస్తది. అయ్యగారి జీతానికి పొయ్యే ఆ బియ్యాన్ని, సంఘం కూచుని, పొయ్యి రాజెయ్యలేని ఇళ్ళకి కొలిచి ఇచ్చింది. మా నాయన సంఘపెద్ద. ఆయన కొలుస్తుంటే మా అవ్వ లెక్క చూసింది. మా సంఘం అంటే ఏంటో నాకు ఆ రోజు తెలిసింది. అయిదో వారం ఆసామి పాలేరుని పంపించాడు. సోమవారానికి పంపించాడు. ఆ తర్వాత మా పల్లెకి ఆదివారం పిలుపు రాలేదు.

ధైర్యానికి ఇంకో దారి చదువు. మా పల్లెలో చర్చే బడి, బడే చర్చి. పగలు గొడ్లు కాసి, రాత్రి లాంతరు కాడ అక్షరాలు దిద్దుకున్నాం. ప్రతి బిడ్డా లేచి నిలబడి, పెద్దోళ్ళ ముందు గట్టిగా వాక్యం చదవాల. వూరి వీధిలో గొంతెత్తకూడని పిల్లోడు పల్లెలో వందమంది ముందు గొంతెత్తాల. ఐగుప్తులో ఇటికెలు కోసిన బానిసల కథ మేం చదివింది కథగా కాదు. ఫరో మాకు తెలుసు. ఇటికెల లెక్క తగ్గకూడదు గానీ గడ్డి మాత్రం ఇవ్వనన్నోడు మా వూళ్ళోనే వున్నాడు.

చర్చి చేసిన అన్యాయం కూడా చెప్పకపోతే చరిత్ర సగమే అవుతది. నేను డిగ్రీ చదివేటప్పుడు కూలి రేట్ల మీద మాట్లాడితే, ‘ఇవి లోకసంబంధమైన సంగతులు బాబూ, అధికారాలకి లోబడమని వాక్యం’ అని మా పాస్టరుగారు నన్ను యువజన కూటమిలోంచి తప్పించారు. మాలల చర్చి వేరు, మాదిగల చర్చి వేరు. పైకులాల నుంచి వొచ్చిన క్రైస్తవులు మా బిడ్డల్ని చేసుకోరు. దేవుడి ముందు మోకరించడం నేర్పిన చోటే, మనుషుల ముందు కూడా వొంగమని నేర్పారు. మా తాత మొదటిదే నేర్చుకున్నాడు. రెండోది తర్వాత వొచ్చి చేరింది.

1985 జూలై 16న కారంచేడు మంచినీళ్ళ చెరువు కాడ కమ్మ కుర్రోళ్ళు గేదెల కుడితి మురికి నీళ్ళల్లో కలుపుతుంటే కత్తి చంద్రయ్య అడ్డం చెప్పాడు. అతన్ని కొట్టబోతే, నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్త తన బిందె యెత్తింది. తెల్లారి 17న మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. ఆడోళ్ళని చెరిచారు. మిగిలినోళ్ళు చీరాలకి వొచ్చి శిబిరం పెట్టి న్యాయం అడిగారు. ఆ సెప్టెంబరులో దళిత మహాసభ పుట్టింది. ఆఖరి తీర్పు సుప్రీంకోర్టులో 2008లో గానీ రాలేదు. నేనప్పుడు బడిపంతుల్ని. చనిపోయినోళ్ళ పేర్లు పేపర్లో చదివాను. మోషే, అబ్రహాము. బిందె యెత్తిన మనిషి పేరు సువార్త. ఆ పేర్లు మా ఇంట్లో వున్న పేర్లే. ఆమె బిందె యెత్తడానికి కారణం ఆమె మతమని నేననను. నీళ్ళు, ఆత్మగౌరవం, అంతే. కానీ పుల్లిగాడా, పెంటిగాడా అని పిలిపించుకున్న జనం తమ బిడ్డలకి తామే పేరు పెట్టుకున్నాక, ఆ పేరుకి తగ్గట్టు నిలబడే తరం వొకటి తయారవుతది.

రాజ్యం దీనికి శిక్ష కూడా వేసింది. 1950 రాష్ట్రపతి వుత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాని హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ విస్తరించారు. క్రైస్తవులకి లేదు. మన రాష్ట్రంలో మమ్మల్ని బీసీ-సీ లో పెట్టి వొక్క శాతం ఇచ్చారు. కొట్టేటప్పుడు మాదిగోడివనే కొడతారు, కేసు పెట్టాక క్రైస్తవుడివి గదా అంటారు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా, మతం మారినోడికి అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదనే చెప్పింది. అంటే భయాన్ని వొదిలించుకున్నోడికి రక్షణ కూడా వొదిలిపోతది. ఇప్పటి పోరాటం ఇక్కడుంది.

1994లో మా జిల్లా ఈదుమూడిలోనే మాదిగ దండోరా మొదలైంది. మా తాతలు కిందపెట్టిన డప్పుని మా తమ్ముళ్ళు మళ్ళీ భుజానికి యెత్తుకున్నారు. ‘మీ విశ్వాసానికి ఇది విరుద్ధం గదా?’ అని కొందరు పాస్టర్లు కోప్పడ్డారు. నేను ఆ వూరేగింపులో నడిచాను. మునసబు కొట్టమన్నాడని కొట్టిన డప్పు వేరు. మాకోసం మేం కొట్టుకునే డప్పు వేరు. యెప్పుడు కొట్టాలో, యెప్పుడు కొట్టకూడదో మేమే చెప్పడం మొదలైంది గుండ్లకమ్మ నీళ్ళ కాడ.

విద్యార్థులకి వొక పని చెబుతాను. మీ పల్లెల్లో పాత సంఘాల బాప్తిస్మం రిజిస్టర్లు చెదలు పడుతున్నయ్. మన తాతముత్తాతల పేర్లు గౌరవంగా కాయితం మీద మొదట యెక్కింది చాలాచోట్ల వాటిల్లోనే. పోయి చూడండి. ముసలోళ్ళని అడగండి. మీ పల్లెలో మొదట రానన్నదెవరు, ఆ రాత్రి వాళ్ళతో యెవరు కూచున్నారు, పస్తులున్నన్నాళ్ళు బియ్యం యెవరు పోశారు అని అడగండి. పేర్లతో సహా రాసుకోండి.