అనుభవదారు గడి

నేను చేసే పనేమిటో మేడ్చల్‌లో చెప్పి ఒప్పించడం ఇప్పటికీ కష్టమే. ప్రొడక్ట్ డిజైనర్ని అంటే, "ఏం ప్రొడక్టు? కంపెనీ జీడిమెట్లలనా?" అని అడుగుతారు. ఫోన్లో యాప్ తెరిస్తే ఏ బటన్ ఎక్కడుండాలి, ఏ గడిలో ఏం అడగాలి, అడిగేది ఏ మాటతో అడగాలి అని తేల్చే పని అని ఒకసారి మా మేనమామకు వివరంగా చెప్పాను. "గడులు గీసుడుకు గూడ జీతమిస్తరారా?" అని నవ్వాడు. ఆయన నవ్వడంలో తప్పు లేదు. నా ఉద్యోగం పేరు కొత్తది గాని, పని పాతదే. మా ప్రాంతంలో గడులు గీసి మనుషుల్ని వాటిలో కూర్చోబెట్టే పని నూటయాభై ఏళ్లకు పైగా నడుస్తోంది. ఆ సంగతి తెలుసుకోకుండానే నేనీ వృత్తిలోకి వచ్చాను, అందుకు మూల్యం చెల్లించింది మాత్రం వేరేవాళ్లు.

మొదట్లో ఫ్లెక్సీలు కొట్టే షాపులో ఉండేవాణ్ని. కోరల్‌డ్రా, అను ఫాంట్లు, పుట్టినరోజు శుభాకాంక్షలు, నాయకుల ఫోటోలు. అక్కడ నేర్చుకున్న ఒక్క మంచి విషయం తెలుగు అక్షరం ఎంత చోటడుగుతుందో. కింద వత్తు, పైన గుడి, రెండింటికీ ఊపిరాడాలి. ఇంగ్లీషు కొలతతో గీసిన బటన్‌లో 'స్త్రీ' అని రాస్తే కాళ్లు తెగిపోతాయి. తర్వాత రాత్రుళ్లు వీడియోలు చూసి ఫిగ్మా నేర్చుకున్నాను. కొత్తగా వచ్చేవాళ్లందరిలాగే పోర్ట్‌ఫోలియోలో తిండి తెచ్చిపెట్టే యాప్ ఒకటి, సినిమా టికెట్ల యాప్ ఒకటి అందంగా మార్చి పెట్టాను. ఒక ఇంటర్వ్యూలో, "ఇది వాడే మనిషిని ఒక్కరినైనా కలిశావా?" అని అడిగారు. లేదన్నాను. ఆ ఉద్యోగం రాలేదు. ఆ ప్రశ్న ఎంత పెద్దదో కూడా అప్పుడు అర్థం కాలేదు.

అర్థం కావడానికి పహాణీ దాకా పోవలసి వచ్చింది.

నిజాం కాలంలో మేడ్చల్ అత్రాఫ్-ఇ-బల్దా జిల్లాలో ఒక తాలూకా. బల్దా అంటే నగరం, అత్రాఫ్ అంటే చుట్టుపక్కల. ఇప్పుడు మనం 'శివారు' అంటున్నదాన్ని అప్పుడు జిల్లా పేరుగానే పెట్టుకున్నారు. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ శిస్తు వసూలును గుత్తేదార్ల చేతుల్లోంచి ప్రభుత్వోద్యోగుల చేతుల్లోకి తెచ్చాడు. 1865లో జిలాబందీతో జిల్లాలు ఏర్పడ్డాయి. ఆ తర్వాత భూమిని కొలిచి సర్వే నంబర్లు వేశారు. సర్వే ముగిశాక రాసిన మొదటి పత్రం సేత్వార్. ఏటేటా ఏ నంబరులో ఏం జరుగుతోందో రాసేది పహాణీ.

పహాణీ మరాఠీ మాట. చూడటం, చూసి రావడం అని అర్థం. హైదరాబాద్ రాజ్యంలో మరాఠీ జిల్లాలు కూడా ఉండేవి కాబట్టి ఆ మాట మనకూ వచ్చింది. పేరులోనే పద్ధతి ఉంది. పట్వారీ పొలం కాడికి పోవాలి, చూడాలి, అప్పుడు రాయాలి. ఏ పంట, ఏ బావి, పట్టా ఎవరిది అన్న గడుల పక్కన ఇంకో గడి ఉండేది. అనుభవదారు, అంటే కాగితం మీద ఎవరున్నా, నేల మీద నిజంగా ఉన్నదెవరు అని. పట్టాదారు, అనుభవదారు ఒక్కరే కావచ్చు, కాకపోవచ్చు. ఆ తేడాకు కాగితంలో చోటుంది.

ఆ చోటు చాలా ఖరీదైనది. పట్వారీ దాన్ని ఎట్లా అమ్ముకున్నాడో పల్లెల్లో కథలు కథలుగా చెప్తారు. కాని అదే గడి పేదవాడికి ఆధారం కూడా అయింది. తెలంగాణ సాయుధ పోరాటం నడుస్తుండగానే 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది. దున్నేవాణ్ని రక్షిత కౌలుదారుగా గుర్తించాలంటే, అతను దున్నుతున్నట్టు ఎక్కడో రాసి ఉండాలి గదా. 1954-55 ఖాస్రా పహాణీని ఇప్పటికీ భూమి కేసుల్లో వకీళ్లు మొదట అడుగుతారు. డెబ్బై ఏళ్ల కింద ఎవరో ఒకరు పొలానికి పోయి, చూసి, రాసిన కాగితమది.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్డ్ పేరుతో రిజిస్ట్రేషన్ ఆఫీసులు కంప్యూటర్లకు మారాయి. 2001లో ఈ-సేవ, 2011లో మీ-సేవ. 2017లో తెలంగాణలో భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. 2018 మేలో కొత్త పాసుపుస్తకాలతో పాటు రైతుబంధు వచ్చింది. అది పట్టాదారుకే, కౌలు రైతుకు కాదు. 2020లో వీఆర్వో వ్యవస్థ రద్దయింది, కొత్త చట్టం వచ్చింది. ఆ ఏడాది అక్టోబర్ 29న ముఖ్యమంత్రి కేసీఆర్ ధరణి పోర్టల్‌ను ప్రారంభించారు. ప్రారంభించింది ఏ నగరపు హాల్లోనో కాదు, మా శామీర్‌పేట దగ్గరి మూడుచింతలపల్లిలో.

డిజైనర్‌గా చూస్తే ధరణిలో మెచ్చుకోవలసినవి ఉన్నాయి. అంతకుముందు రిజిస్ట్రేషన్ ఒక ఆఫీసులో, మ్యుటేషన్ ఇంకో ఆఫీసులో. రెండోదాని కోసం నెలల తరబడి తిరగాలి, తిరిగిన ప్రతిసారీ చెయ్యి తడపాలి. ధరణి ఆ రెంటినీ కలిపింది. స్లాట్ బుక్ చేసుకుని తహసీల్దారు దగ్గరికి పోతే వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకేసారి అయ్యాయి. మెట్లు తగ్గించడం, మధ్యలో మనిషి ఇష్టాయిష్టాలను తీసేయడం, మా వృత్తిలో మొదటి పాఠాలు ఇవే.

అయితే గడులు కూడా తగ్గాయి. అనుభవదారు గడి పోయింది. వివాదం ఉన్న భూములు అప్పటికే పార్ట్-బి అని పక్కకు పోయాయి. రెవెన్యూ కోర్టులు రద్దయ్యాయి. పేరులో తప్పో, విస్తీర్ణంలో తేడానో వస్తే దానికి తగిన మాడ్యూల్ ఉండాలి. లేకపోతే ఆ బాధ చెప్పుకునే చోటే లేదు. "ఆప్షన్ లేదు" అన్న మాట ఆ రోజుల్లో పల్లెల్లో ఎంత వినపడిందో అందరికీ తెలుసు. పట్వారీ తప్పు రాసేవాడు. కొత్త పద్ధతిలో కొన్నిటిని రాయడానికే చోటు లేకపోయింది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. అప్పీళ్లకు మళ్లీ దారి పెట్టారు.

ఇదంతా నేను తీరిగ్గా చదివి తెలుసుకున్నది కాదు. నేను చేసిన తప్పు వల్ల వెతుక్కున్నది.

నా మొదటి ఉద్యోగంలో పాల సేకరణకు యాప్ గీశాను. పల్లెల్లో పాల కేంద్రానికి క్యాన్లు తెస్తారు. కొలత, వెన్న శాతం, ధర వేసి స్లిప్పు ఇస్తారు. పాత రిజిస్టర్‌లో ఖాతాదారు పేరు పక్కన 'తెచ్చినవారు' అని ఒక కాలమ్ ఉండేది. చాలా వరసల్లో అందులో ఏవో గీతలు, పొట్టి పేర్లు. ఎవరికి కావాలిది అనుకున్నాను. తీసేశాను. స్క్రీన్ శుభ్రంగా కనపడింది. మా టీమ్‌లో మెచ్చుకున్నారు కూడా.

నెల తర్వాత శామీర్‌పేట వైపు ఒక కేంద్రంలో ఎలా వాడుతున్నారో చూద్దామని పోయాను. తెల్లవారుజాము. క్యాన్లు తెచ్చినవాళ్లలో మగవాళ్లు చాలా తక్కువ. ఒకామె స్లిప్పు తీసుకుని నా చేతికిచ్చింది.

"ఇండ్ల నా పేరేది బిడ్డా?"

"ఖాతా ఎవరి పేరు మీదుందమ్మా?"

"ఆయన పేరు మీదనే. ఆయన పట్నంల ఉంటడు. బర్లను మేపేది, పాలు పిండేది నేను. ముందటి బుక్కుల నా పేరు రాసేటోళ్లు. గది చూపిచ్చే డబ్బులడుగుతుంటి."

నేను తీసేసింది అనుభవదారు గడి. ఆ పేరు నాకు అప్పటికి తెలియదు. ఇంటికొచ్చాక మా మేనమామకు చెప్తే, "పహాణీల గూడ గట్లనే ఉంటుండె" అని అటక మీది సంచీలోంచి పాత నకళ్లు తీశాడు. ఆ సాయంత్రం వాటిని చదవడం ఆయనే నేర్పాడు. 2.20 అని ఉంటే రెండు పాయింట్ రెండు కాదు, రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. ఎకరానికి నలభై గుంటలు కాబట్టి 1.25కు 1.25 కలిపితే 2.50 కాదు, 3.10. ఇది తెలియని డిజైనర్ గీసిన లెక్కల పెట్టె ముప్పై గుంటల్ని క్షణంలో మింగేస్తుంది. ఏ కోర్సులోనూ నాకిది చెప్పలేదు.

కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలు ఇప్పుడు నన్ను అడుగుతుంటారు. కండ్లకోయ చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల వాళ్లే ఎక్కువ. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి, పోర్ట్‌ఫోలియోలో ఎన్ని ప్రాజెక్టులుండాలి అని. అవి చెప్తాను, తప్పదు. వాటితో పాటు ఇంట్లో పాత పహాణీ ఉంటే తీసి చదవమంటాను. ఏదైనా గడి తీసేసే ముందు, దాన్ని ఎవరు, ఎందుకు గీశారో అడగమంటాను. కాగితం మీద చెత్తగా కనపడే గీత ఎవరో ఒకరి సాక్ష్యం కావచ్చు.

ఆ యాప్‌లో 'తెచ్చినవారు' గడిని తిరిగి పెట్టించడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. స్క్రీన్ ఇరుకవుతుందని, నమోదుకు సమయం పడుతుందని అన్నారు. రెండూ నిజమే. చివరికి పెట్టారు. ఆమె పేరు స్లిప్పు మీద పడింది. డబ్బులు మాత్రం ఇంకా ఆయన ఖాతాలోనే పడుతున్నాయి. అది మారడానికి గడి ఒక్కటి చాలదు. కాని, అడగడానికి ఇప్పుడు ఆమె చేతిలో ఒక కాగితముంది.