పాత కొడవలిని గుర్తుపట్టడం

పాత ఇనుము కొట్టుకు వేసేముందు ఇంట్లోని కత్తులు ఒకసారి చూపించమని మైలవరంలో మా హాస్టల్ పిల్లల పెద్దలను అడిగాం.

గుర్తు అంచులోనే ఉంటుంది. లోపలి అంచున సన్నని పళ్లుంటే కక్కుకొడవలి, వరి దుబ్బును పిడికిట పట్టి లాగి కోసేది. పళ్లు అరిగితే కమ్మరి మళ్లీ కక్కు కొట్టేవాడు. పళ్లు లేకుండా బరువుగా, ముక్కు వంగి ఉంటే కంప నరికే కత్తి. మామిడికాయల దోటి సంగతి ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు.

ఒక తాతగారి కత్తి మాత్రం నిటారుగా ఉంది. ఆయన ఎరుకలవారు. వెదురు చీల్చి బుట్టలకు దబ్బలు తీసే కత్తి అది. నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికి కొత్తగా వచ్చింది, దేశమంతటా రద్దయింది 1952లో. ఆ రోజుల్లో వాళ్ల నాయన దాన్ని చూరులో దోపి దాచేవాడట, పనిముట్టే అయినా.

కత్తి ఆయన దగ్గరే ఉంచి, ఫొటో, పేరు, చేసే పని మా రిజిస్టరులో ఎక్కించాం.