గోల్ దగ్గర ఎవరు నిలబడాలి?

సావనీర్‌కు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు అడిగారు. బడి జ్ఞాపకాలు నాకన్నా బాగా రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు కనుక నేను ఫుట్‌బాల్ చరిత్రలోని ఒక ముచ్చట రాస్తానన్నాను. చొప్పదండికీ ఫుట్‌బాల్‌కూ ఏం సంబంధమని ఒక మిత్రుడు నవ్వాడు. సంబంధం ఉంది. మన దేశపు ఫుట్‌బాల్‌ను ఆసియాలో మొదటి వరుసలో నిలబెట్టిన మనిషి వృత్తిరీత్యా బడిపంతులు, మన హైదరాబాద్ వాడు. ఆయన ముందుకొచ్చిన అతి పెద్ద ప్రశ్న ప్రతి బడి గ్రౌండులోనూ రోజూ వచ్చేదే: గోల్ దగ్గర ఎవరిని నిలబెట్టాలి?

మన చిన్నప్పుడు దీనికి జవాబు సులువు. పరుగెత్తలేనివాడు గోల్ కీపర్. లేదా అందరికన్నా ఆలస్యంగా వచ్చినవాడు. రెండు రాళ్లు పెట్టి మధ్యలో నిలబెట్టేవాళ్లం. గోల్ పడితే తిట్లన్నీ వాడికే. పెద్ద ఆటలోనూ అంతే. ముందున్న పది మంది చేసే తప్పుల్లో చాలావరకు ఎవరికీ గుర్తుండవు. పదకొండోవాడు చేసిన తప్పు మాత్రం స్కోరు బోర్డు మీద పడుతుంది. అందుకే అభిమానులు ఎక్కడ గుమిగూడినా గోల్ కీపర్ గురించే ఎక్కువగా కొట్లాడుకుంటారు. జట్టు ఓడిపోయి, పాతవాళ్లను తీసి కొత్తవాళ్లతో మళ్లీ కట్టుకుంటున్న రోజుల్లో ఆ కొట్లాట మరీ ఎక్కువ.

ఆ పంతులు పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. బడిలో పాఠాలు చెబుతూ, వ్యాయామ విద్యలో శిక్షణ పొంది, 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం బాధ్యతలూ, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు శిక్షణా చూసుకున్నారు. ఆ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. పిల్లలకు ఆయన పెట్టిన పోటీలు గమనించదగ్గవి. ఒక పోటీలో బలహీనమైన కాలితోనే తన్నాలి. ఇంకో పోటీలో డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి రాగానే పాస్ ఇవ్వాలి. పిల్లవాడికి ఏది రాదో అదే నేర్పడం మంచి పంతులు లక్షణం కదా!

ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాదే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయింది. మనవాళ్లలో చాలామంది ఆ చలిలో బూట్లు లేకుండా ఆడారు. అక్కడి నుంచి జట్టును మళ్లీ కట్టుకుంటూ వస్తే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరి, చివరికి 4వ స్థానంలో నిలిచాం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశానికి నేటికీ అదే అత్యుత్తమ స్థానం. నాలుగేళ్లలో వచ్చిన మార్పు అది. ఆ జట్టులో హైదరాబాద్, సికింద్రాబాద్ కుర్రాళ్లు ఒకరిద్దరు కాదు, చాలామందే ఉన్నారు. అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం వారిలో ఒకడు.

పీటర్ తంగరాజ్ కూడా హైదరాబాద్‌లో పుట్టినవాడే. సికింద్రాబాద్ క్లబ్బుల్లో ఆట మొదలుపెట్టి, సైన్యంలో చేరి మద్రాస్ రెజిమెంట్ జట్టుకు ఆడాడు. మొదట అతను గోల్ కొట్టే సెంటర్ ఫార్వర్డ్. గోల్ కీపర్ అయ్యింది తర్వాతే. ఆరడుగులు దాటిన మనిషి. ఎత్తుగా వచ్చే బంతి అతని చేతుల్లోకే వెళ్లేదని పేరు. 1967లో అర్జున అవార్డు వచ్చింది.

ఇక అసలు కథ 1962 జకార్తా ఆసియా క్రీడలది. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా మనల్ని 2-0తో ఓడించింది. తర్వాత థాయిలాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో, సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంను 3-2తో గెలిచి ఫైనల్ చేరాం. ఫైనల్లో మళ్లీ అదే కొరియా. ఈలోగా తంగరాజ్‌కు ఫ్లూ పట్టుకుంది. అతను మంచాన ఉన్నప్పుడు బెంగాల్ కుర్రాడు ప్రద్యుత్ బర్మన్ గోల్ కాపాడాడు. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతణ్ని ఇంటికి పంపలేదు, సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు.

ఫైనల్ సెప్టెంబర్ 4న. బర్మన్ ఆరోగ్యంగా ఉన్నాడు, ఆటలో ఉన్నాడు. తంగరాజ్ ఇంకా పూర్తిగా కోలుకోలేదు. అయినా రహీం సాబ్ తంగరాజ్‌నే దింపారు. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, మరో మూడు నిమిషాలకు తల కుట్లతోనే జర్నైల్ సింగ్ గోల్స్ కొట్టారు. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆహ్వానించకపోవడంపై గొడవ వల్ల స్టేడియం మొత్తం మనకు వ్యతిరేకంగా అరుస్తోంది. 85వ నిమిషంలో కొరియా ఒక గోల్ తిప్పికొట్టింది. చివరి ఐదు నిమిషాలు తంగరాజ్, అతని ముందున్నవాళ్లు కాపాడారు. 2-1తో స్వర్ణం మనది. అప్పటికే కేన్సర్‌తో బాధపడుతున్న రహీం సాబ్ 1963 జూన్‌లో కన్నుమూశారు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు స్వర్ణం రాలేదు.

మా బ్యాచ్ మిత్రులు కలిసినప్పుడు ఈ నిర్ణయం మీద ఒకసారి గట్టిగా వాదించుకున్నాం. జ్వరం మనిషిని పెట్టి ఆడేవాణ్ని కూచోబెట్టడం న్యాయమా అని ఒకరు. గెలిచారు కాబట్టి గొప్ప నిర్ణయమంటున్నాం, ఓడితే తిట్టేవాళ్లమే కదా అని ఇంకొకరు. రెండో మాట నిజమే. అందుకే ఫలితం పక్కనబెట్టి, ముందురోజు రాత్రి రహీం సాబ్‌కు తెలిసిన సంగతులు మాత్రమే చూడాలి. కొరియా ఒకసారి మనల్ని ఓడించింది, ఎత్తు బంతులు వేస్తుంది. జర్నైల్ ముందుకు పోయాడు కనుక వెనక తలతో బంతి తీసే మొనగాడు ఒకడు తగ్గాడు. ఆ లోటును గోల్ దగ్గర ఎత్తుతోనే పూడ్చాలి. నాకు తోచినంతవరకు లెక్క ఇదీ. ఇందులో బర్మన్ మీద చిన్నచూపు లేదు, ఆ రోజు పనికి కావలసిన మనిషి ఎవరన్నదే ఉంది.

ముప్పై ఏళ్లుగా విద్యుత్ కేంద్రాల్లో పని చేసినవాణ్ని కాబట్టి నాకు ఇంకోటి కూడా కనిపిస్తుంది. మా దగ్గర ముఖ్యమైన ప్రతి పంపుకూ పక్కన ఒక స్టాండ్‌బై పంపు ఉంటుంది. దాన్ని ఊరికే నిలబెట్టి ఉంచితే అవసరం పడ్డ రోజు తిరగదు. అందుకే వంతులవారీగా దాన్నీ నడుపుతాం. జకార్తాలో బర్మన్ ఆడిన మ్యాచ్‌లు లేకపోతే తంగరాజ్ ఆడవలసిన ఫైనలే లేదు. పతకం బొమ్మలో మనకు ఒక్క గోల్ కీపరే కనిపిస్తాడు కానీ ఆ పతకం ఇద్దరిది.

అరవై ఏళ్ల తర్వాత ఇదే ప్రశ్న హైదరాబాద్ ముందు మళ్లీ నిలబడింది. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ మొదటి సీజన్‌లో 18 మ్యాచ్‌లకు 10 పాయింట్లతో చిట్టచివర నిలిచింది. తర్వాత స్పెయిన్‌కు చెందిన మనోలో మార్కెజ్ శిక్షకుడిగా వచ్చి, ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్రాళ్లకు చోటిచ్చి జట్టును కొత్తగా కట్టాడు. రెండో సీజన్‌లో 5వ స్థానం. గోల్ దగ్గర మొదట సుబ్రతా పాల్ ఆడాడు, 2011 ఆసియా కప్‌లో పేరు తెచ్చుకున్న దిట్ట. తర్వాత ఆ చోటు గోవా వాడైన లక్ష్మీకాంత్ కట్టిమణికి దక్కింది. చాలామంది పెదవి విరిచారు. ఎందుకంటే 2015 ఫైనల్‌లో, ఫతోర్దా స్టేడియంలోనే, గోవా 2-1తో గెలవబోతుండగా 90వ నిమిషంలో ఇదే కట్టిమణి పేరు మీద సెల్ఫ్ గోల్ నమోదైంది. ఆ వెంటనే చెన్నయిన్ ఇంకోటి కొట్టి కప్పు పట్టుకెళ్లింది.

2022 మార్చి 20న, అదే ఫతోర్దాలో, హైదరాబాద్, కేరళ బ్లాస్టర్స్ ఫైనల్ 1-1తో పెనాల్టీలకు వెళ్లింది. కట్టిమణి మూడు కిక్‌లు ఆపాడు. అందులో నిషు కుమార్ కిక్‌ను ఆపితే రెఫరీ మళ్లీ కొట్టమన్నాడు. రెండోసారీ ఆపాడు. 3-1తో కప్పు హైదరాబాద్‌కు వచ్చింది. ఒక సాయంత్రపు తప్పుతో ఆటగాడి లెక్క మూసేయని జట్టుకు దక్కిన ఫలం అది. తర్వాతి సీజన్‌లో కట్టిమణి పక్కన యువకుడు గుర్మీత్ సింగ్ చాలా మ్యాచ్‌లు ఆడాడు. ఆ ఏడాది లీగ్‌లో 2వ స్థానం.

కట్టడానికి మూడేళ్లు పట్టింది, కూలడానికి ఒక్క సీజన్ చాలింది. జీతాల బకాయిల సమస్యలో ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2023-24లో 22 మ్యాచ్‌లకు 8 పాయింట్లు, మళ్లీ చిట్టచివర. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలి పేరు మార్చుకుంది. గోల్ కీపర్ ఎవరని వాదించుకోవడానికి ముందు జట్టంటూ ఒకటి మిగలాలి గదా.

ఈ రెండు కథల్లో తేడా నాకు ఒక్కచోటే కనబడుతుంది. రహీం సాబ్ కాలంలో ఆటగాళ్లు బడి గ్రౌండుల్లోంచి, గల్లీ క్లబ్బుల్లోంచి, పోలీసు, సైనిక జట్లలోంచి వచ్చేవాళ్లు. ఒకడు పోతే వెనక పది మంది ఉండేవారు. మొన్నటి జట్టు గొప్పదే, కానీ దాని వేళ్లు మన మట్టిలో లేవు. డబ్బు ఆగగానే వాడిపోయింది.

అందుకే ఈ స్వర్ణోత్సవ సందర్భంగా సంఘానికి నాదొక మనవి. మనం బడికి ఫ్యాన్లు, బెంచీలు, కంప్యూటర్లు ఇస్తున్నాం, మంచిదే. గ్రౌండు చదునుగా, గోల్ పోస్టులు నిలబడి, వ్యాయామ ఉపాధ్యాయుడి చేతిలో సరిపడా బంతులు ఉండేలా కూడా చూద్దాం. సార్లకు ఒక విన్నపం. జట్టును ఎంచేటప్పుడు ఇద్దరు గోల్ కీపర్లను ఎంచండి, ఇద్దరినీ ఆడించండి. గోల్ పడ్డ రోజు ఆ పిల్లవాడి భుజం మీద చెయ్యి వేసి, మర్నాడు మళ్లీ అక్కడే నిలబెట్టండి.